వద్దనడం వెనక

కంపైలర్ ఫ్లాగు మార్చమని ఎవరైనా ప్యాచ్ పంపితే ‘వద్దు’ అనడం నాకు చాలా తేలిక. ‘సరే’ అనాలంటే మాత్రం చెయ్యి ఆడదు. చాలాకాలం దీన్ని జాగ్రత్త అనుకున్నాను. ఆపరేటింగ్ సిస్టమ్ బిల్డ్ కాన్ఫిగరేషన్ చూసుకునే మనిషికి జాగ్రత్తను మించిన గుణం ఇంకేం కావాలి అనీ అనుకున్నాను. ఈమధ్య ఆ జాగ్రత్త మీదే అనుమానం పుట్టింది. నేను కాపాడుతున్నది సిస్టమ్‌నా, నన్నా?

మేము తయారుచేసేది ఒక లినక్స్ ఇమేజ్. కొట్లలో బిల్లులు కొట్టే మిషన్ల లాంటి చిన్న పరికరాల్లోకి వెళ్తుంది. అందులో వందల ప్యాకేజీలు ఉంటాయి, ఎక్కువ భాగం సీ భాషలో ఎవరెవరో రాసినవి. వాటన్నిటినీ కంపైల్ చేసేటప్పుడు కంపైలర్‌కి ఏమేం చెప్పాలన్నది ఒకే ఫైల్లో ఉంటుంది. వేగం కోసం ఎంతదాకా పోవాలి, ఏ హెచ్చరిక వస్తే బిల్డ్ ఆపెయ్యాలి, ఏయే రక్షణలు చేర్చాలి, అన్నీ అందులోనే. ఆ ఫైల్లో ఒక్క వరుస మారితే ఇమేజ్ మొత్తం మళ్లీ కంపైల్ అవుతుంది. ఏళ్లుగా ఎవరూ ముట్టుకోని ప్రోగ్రాములు కూడా వేరే మెషీన్ కోడ్‌గా బయటికొస్తాయి. మామూలు కోడ్ రివ్యూలో అయితే చదవడానికి తర్కం ఉంటుంది, లోపం ఉంటే వేలుపెట్టి చూపించవచ్చు. ఫ్లాగు మార్పులో కనిపించేది ఒక వరుస, ఒక్కోసారి ఒక అంకె. దాని ఫలితమంతా ఇంకెక్కడో ఉంటుంది. చదవడానికి ఏమీ లేనప్పుడు నా స్వభావమే ముందుకొచ్చి తీర్పు చెప్పేస్తుంది.

ఆ స్వభావంలో మొదట కనిపించేది భయం. ఒప్పుకున్న మార్పు కింద నా పేరు ఉండిపోతుంది. రేపు ఎక్కడో ఒక పరికరం బూట్ కాకపోతే, చరిత్ర తవ్వినవాళ్లకు ముందు దొరికేది ఆ పేరే. తిరస్కరించిన మార్పుకు అలాంటి చరిత్ర ఉండదు. మేము పెట్టుకోని రక్షణ వల్ల ఒక చిన్న వ్యాపారి మిషన్‌లోకి ఎవడో జొరబడితే, ఆ రోజు ఆ ఫ్లాగు వద్దన్నది ఎవరని ఎవరూ నన్ను అడగరు. రెండూ తప్పులే. ఒకదానికే లెక్క రాసుకుంటారు. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసే వద్దంటున్నానా అన్న ప్రశ్న దగ్గరే ఇబ్బంది పడుతున్నాను.

వాదన వచ్చినప్పుడల్లా నేను చెప్పే సంగతి ఒకటుంది. 2009 జులైలో లినక్స్ కెర్నెల్‌లో బయటపడిన లోపం అది. ‘టన్’ అనే నెట్‌వర్క్ డ్రైవర్‌లో ఒక ఫంక్షన్ ఉంది. దాని మొదట్లోనే ఒక వరుస, టన్ అన్న పాయింటర్ లోపలికి వెళ్లి సాకెట్‌ను తీసుకుంటుంది. కాస్త కిందికి వస్తే, అదే పాయింటర్ నల్ అయితే తప్పు జరిగిందని చెప్పి వెనక్కి తిరిగిపొమ్మనే పరీక్ష. వాడిన తర్వాత పరీక్షించారు, అంతే. జీసీసీ కంపైలర్ దాన్ని తన పద్ధతిలో అర్థం చేసుకుంది. పైన ఆ పాయింటర్‌ను వాడేశారు కాబట్టి అది నల్ అయ్యే అవకాశమే లేదు, అలాంటప్పుడు కింది పరీక్ష దండగ. దాన్ని తీసేసింది. సీ భాష నిబంధనల ప్రకారం కంపైలర్ చేసింది తప్పు కాదు. కానీ సోర్సులో కళ్లెదుట ఉన్న పరీక్ష తయారైన కెర్నెల్‌లో లేకుండా పోయింది. మెమరీలో సున్నా చిరునామా దగ్గర తన పేజీ పెట్టుకోగలిగినవాడికి ఆ సందులోంచి కెర్నెల్ మీద అధికారం దొరికింది. వరుసల క్రమం సరిచేశారు. దాంతో ఆగకుండా, నల్ పరీక్షలను తీసెయ్యొద్దని కంపైలర్‌కి చెప్పే ‘నో డిలీట్ నల్ పాయింటర్ చెక్స్’ ఫ్లాగును కెర్నెల్ మేక్‌ఫైల్‌లో చేర్చారు. అది ఇప్పటికీ అక్కడే ఉంది.

చెప్పుకోదగ్గ సంగతే. అయితే నేను దాన్ని ఎందుకు చెబుతాను? ఉన్నది ఉన్నట్టు ఒప్పుకుంటే, ఎదుటివాళ్లకు తెలియజెప్పడానికి కాదు, వాదన ముగించడానికి. అది విన్నాక గదిలో కాసేపు ఎవరూ మాట్లాడరు. ఆ కాసేపు నాకు ఇష్టం. ఎదుట ఉన్న ప్యాచ్‌కీ ఆ లోపానికీ సంబంధం ఉందో లేదో చూడాల్సిన పని కూడా ఆ మౌనంలో తప్పిపోతుంది. ఇంకా కుదురుగా ఆలోచిస్తే, ఆ సంగతి నా పక్షాన సాక్ష్యం చెప్పదు కూడా. అక్కడ ముందు ముందు ప్రమాదాన్ని తగ్గించింది ఒక ఫ్లాగును చేర్చడమే. ‘ఉన్నదాన్ని కదపకండి’ అనడానికి నేను వాడుకుంటున్న ఉదాహరణలో మేలు జరిగింది కదిపినందువల్ల. ఇది అర్థం కావడానికి పెద్ద తెలివేమీ అక్కర్లేదు. అటువైపు చూడాల్సిన అవసరం నా గర్వానికి ఇన్నాళ్లూ రాలేదు.

గర్వం అన్నాను కాబట్టి ఫ్రేమ్ పాయింటర్ల సంగతి చెప్పక తప్పదు. ఇది మా ఆఫీసులో జరిగింది కాదు. ఫెడోరా లినక్స్‌లో జరిగిన చర్చ, నేను బయటినుంచి చూశాను. బయటిదాన్ని కాబట్టే అప్పుడు నాలో రేగినదాన్ని ఇప్పుడు కొంచెం స్పష్టంగా చూడగలుగుతున్నాను.

64 బిట్ల ఎక్స్86 ప్రాసెసర్‌లో మామూలు లెక్కలకు 16 రిజిస్టర్లు ఉంటాయి. వాటిలో ఒకటి ఆర్‌బీపీ. పాత పద్ధతిలో ప్రతి ఫంక్షన్ మొదట్లో రెండు చిన్న ఇన్‌స్ట్రక్షన్లు ఉంటాయి. మొదటిది పాత ఆర్‌బీపీ విలువను స్టాక్ మీదికి నెడుతుంది, రెండోది స్టాక్ ప్రస్తుత చిరునామాను ఆర్‌బీపీలో పెడుతుంది. దాన్నిబట్టి ఎవరు ఎవరిని పిలిచారో ఒక్కొక్క అడుగే వెనక్కి వేస్తూ కనుక్కోవచ్చు. ఆప్టిమైజ్ చేసేటప్పుడు కంపైలర్లు ఆ రెండింటినీ వదిలేసి ఆ రిజిస్టర్‌ను ఇంకో పనికి వాడుకుంటాయి. ప్రోగ్రామ్ కొద్దిగా వేగం పుంజుకుంటుంది. కానీ నడుస్తున్న సిస్టమ్‌లో కాలం ఎక్కడ ఖర్చవుతోందో కొలుద్దామంటే ఆ దారి మూసుకుపోయి ఉంటుంది. ఆ వేగం కొంత వదులుకుని దారి మళ్లీ తెరుద్దామన్నది ఫెడోరాలో వచ్చిన ప్రతిపాదన. కంపైలర్ల మీద పనిచేసేవాళ్లు గట్టిగా వ్యతిరేకించారు. నష్టం ఎంతో ప్రతిపాదనలోనే రాశారు. కెర్నెల్‌ను జీసీసీతో కంపైల్ చేసే పని 2.4 శాతం నెమ్మదిస్తుంది, కొన్ని పైథాన్ పరీక్షల్లో నష్టం 10 శాతం దాకా పోతుంది. ముందు తోసిపుచ్చిన సాంకేతిక కమిటీ 2023 జనవరిలో మళ్లీ ఓటు పెట్టి ఒప్పుకుంది. ఆ ఏప్రిల్‌లో వచ్చిన ఫెడోరా 38లో అమలైంది, పైథాన్‌కు మినహాయింపు ఇచ్చారు. మరుసటి ఏడు ఉబుంటు 24.04 కూడా అదే దారి పట్టింది.

తోసిపుచ్చినప్పుడు నాకు సంతోషం వేసింది. ఒప్పుకున్నప్పుడు కోపం వచ్చింది. రెండూ నాకు సంబంధం లేని నిర్ణయాలు. కారణం అడిగితే వేగం అని చెప్పేదాన్ని. మా పరికరాల్లో ప్రాసెసర్ చిన్నది, ఒకటి రెండు శాతమంటే మాకు నిజంగానే బరువు. అంతవరకూ అబద్ధం లేదు. కానీ కోపం అంత వేడిగా ఉండటానికి ఆ రెండు శాతం చాలదు. ఫ్రేమ్ పాయింటర్లు లేని ప్రోగ్రామ్‌లో డీబగ్ సమాచారం పట్టుకుని స్టాక్‌ను వెనక్కి విప్పుకుంటూ పోవడం నాకు బాగా వచ్చు. కష్టపడి నేర్చుకున్నాను. ఎక్కడైనా సిస్టమ్ మొరాయిస్తే నన్ను పిలుస్తారు. ఆ దారి అందరికీ తెరుచుకుంటే, నిన్న చేరిన కుర్రాడు కూడా ఒక్క కమాండ్‌తో అదే చూడగలిగితే, నన్ను పిలిచే అవసరం కొంత తగ్గుతుంది. ఈ మాట అప్పుడు నాతో నేను కూడా అనుకోలేదు. అయితే, ఆ మార్పు అమలయ్యాక నేను ఆత్రంగా వెతికింది ఏమిటి? ఎవరి ప్రోగ్రామ్ నెమ్మదించిందని. ఎవరికి ఏ జాప్యం దొరికింది, దాన్ని సరిచేస్తే ఎంత వేగం పెరిగింది అని వెతకలేదు. నష్టం కనబడాలని కోరుకున్నాను. ఒక వ్యవస్థ బాగుండాలనుకునే మనిషికి రావాల్సిన కోరిక కాదది. ఆ కోరికకు సాంకేతిక అభిప్రాయం అని పేరుపెట్టి నలుగురి ముందూ మాట్లాడాను.

మా జట్టులో అనంతపురం నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఉంది. పనిలో చేరి ఎంతోకాలం కాలేదు. తను పంపిన ప్యాచ్‌లో మారింది ఒక్క అంకె. ‘ఫోర్టిఫై సోర్స్’ అనే మాక్రో విలువ 2 ఉంటే 3 చేసింది. అది పెడితే, మెమరీలో ఒకచోటి నుంచి ఇంకోచోటికి నకలు చేసే మెమ్‌కాపీ లాంటి ఫంక్షన్లు, వచ్చే సరుకు పట్టేంత చోటు ఉందో లేదో చూసుకుంటాయి. లేకపోతే ప్రోగ్రామ్‌ను అక్కడికక్కడే ఆపేస్తాయి. విలువ 2 అయితే, ఆ చోటు ఎంతో కంపైల్ చేసేటప్పుడే కచ్చితంగా తెలిసినప్పుడు మాత్రమే ఈ పరీక్ష ఉంటుంది. 3 అయితే, ప్రోగ్రామ్ నడిచేటప్పుడు ఎంత కావాలో లెక్కకట్టి మాలోక్‌తో తీసుకున్న చోటుకు కూడా పరీక్ష దొరుకుతుంది. 2022లో వచ్చిన జీసీసీ 12 నుంచి ఇది వీలవుతోంది. మా ప్యాకేజీల్లో ఎక్కువ భాగం మెమరీ తీసుకునేది మాలోక్‌తోనే కాబట్టి ఆ అంకె విలువ చిన్నది కాదు.

‘బెంచ్‌మార్క్ అంకెలు కావాలి’ అని రాశాను. తెచ్చింది. బూట్ అయ్యే సమయం, మెమరీ వాడకం, ఇమేజ్ సైజు, అన్నీ. ‘ఇవి బోర్డు ఖాళీగా ఉన్నప్పటివి, లోడ్ మీద కొలువు’ అన్నాను. కొలిచింది. ‘పాత బోర్డు మీద కూడా’ అన్నాను. అప్పుడు నా సీటు దగ్గరికి వచ్చింది. గొంతులో నిష్ఠూరం ఏమీ లేదు, తెలుసుకుందామనే అడిగింది.

“అక్కా, ఏ అంకె వస్తే సరే అంటారు? అది ముందే చెప్పండి, దాని ప్రకారం కొలుస్తా.”

“రానియ్యమ్మా, చూశాక చెప్తా” అన్నాను.

నా దగ్గర ఆ అంకె లేదు. అప్పటివరకూ ఎవరి ప్యాచ్‌కీ లేదు. కొలవమనడం నా దృష్టిలో నిక్కచ్చితనం. ఆ అమ్మాయి వెళ్లిపోయాక కూర్చుని ఆలోచిస్తే, అందులో ఎక్కువ పాలు బద్ధకం అని తేలింది. ఆ పరీక్ష గ్లిబ్‌సీ అనే సీ లైబ్రరీలో ఎలా జరుగుతుందో, మా ప్యాకేజీల్లో ఏవి దానివల్ల ఇబ్బంది పడతాయో నేను చదువుకోవాలంటే ఓ సాయంత్రం పడుతుంది. అంకెలు తెమ్మని రాయడానికి అర నిమిషం చాలు. ఆ సాయంత్రాన్ని మిగుల్చుకోవడానికి ఆ పిల్ల రోజులు ఖర్చుపెట్టించాను. ఆఫీసుల్లో కిటికీ అవతలి మనిషి ‘ఇంకో కాగితం పట్టుకురండి’ అంటే మనలో ఎవరికి ఒళ్లు మండదు? ఆ మాట అనేటప్పుడు ఆ మనిషి లోపల ఏముంటుందో నాకు ఇప్పుడు కొంచెం తెలుసు. ద్వేషమేమీ ఉండదు. ఈ ఫైలు ఇవాళ నా బల్ల మీద లేకపోతే చాలునన్న అలసట ఉంటుంది. సంతకం పెట్టే అధికారం ఏ కొంచెం ఉన్నా, ఎవరికి వాళ్లు ఆ అలసటను ఒకసారి పరీక్షగా చూసుకోవచ్చు.

దీనికి రెండో పక్క కూడా ఉంది. నాకు బాగా తెలిసిన, నాకంటే అనుభవం ఉన్న మనిషి ఫ్లాగు మార్చితే నేను అంకెలు అడగను. మెసేజ్ ఒద్దికగా రాసి ఉంటే, ‘మీరోసారి చూస్తే బాగుంటుంది’ అన్న మాట అందులో ఉంటే, ఇంకా తొందరగా సరే అంటాను.

అయితే అనుమానించడమే తప్పని అనలేను. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ సంగతి బయటపడింది. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కి అర సెకను అదనంగా పడుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ డెవలపర్ వెంటపడితే, లెక్కలేనన్ని లినక్స్ సిస్టమ్‌లలో ఉండే ఎక్స్‌జెడ్ కంప్రెషన్ లైబ్రరీలోకి దొంగదారి పెట్టారని తేలింది. రెండేళ్లకు పైగా మంచి పనులు చేసి నమ్మకం సంపాదించిన పేరుతోనే అది లోపలికి వచ్చింది. ఆ పెద్ద కుట్ర పక్కన, నాలాంటి పని చేసేవాళ్లు తప్పకుండా చూడాల్సిన చిన్న మార్పు ఒకటి ఉంది.

లాండ్‌లాక్ అని కెర్నెల్‌లో ఒక సదుపాయం. ఏ ఫైళ్లు ముట్టుకోవచ్చో ప్రోగ్రామ్ తనకు తానే హద్దు గీసుకోవడానికి పనికొస్తుంది. అది ఈ మెషీన్‌లో ఉందా లేదా అని ఎక్స్‌జెడ్ బిల్డ్ సమయంలో చూసే పరీక్షను అంతకుముందు నెలలో మార్చారు. హెడర్ ఫైలు ఉన్నంత మాత్రాన చాలదు, కావాల్సిన సిస్టమ్ కాల్స్ కూడా ఉండాలి, అందుకని ఒక చిన్న ప్రోగ్రామ్ కంపైల్ చేసి చూద్దాం అన్నది ఇచ్చిన వివరణ. చదివితే సబబుగానే ఉంటుంది. సీమేక్ ఫైల్లో పెట్టిన ఆ చిన్న ప్రోగ్రామ్‌లో, ఇన్‌క్లూడ్ వరుసలు అయిపోయి ఫంక్షన్ మొదలయ్యే చోట, ఎడమ అంచున ఒక చుక్క ఉంది. వరుస మొత్తానికి ఆ చుక్కే. దానివల్ల ఆ ప్రోగ్రామ్ ఏ మెషీన్‌లోనూ కంపైల్ కాదు. బిల్డ్ ఆగదు, తప్పు చూపించదు. లాండ్‌లాక్ లేదని తేల్చుకుని ముందుకెళ్లిపోతుంది.

ఆ డిఫ్‌ను నేను చుక్క ఉందని తెలిసి చూశాను. తెలిసినా కన్ను మొదట దాన్ని దాటిపోయింది. అయినా నా మనసులో వచ్చిన మొదటి మాట ‘నేనైతే పట్టుకునేదాన్ని’. ఆ మాట ఎంతసేపు నిలబడుతుందో చూద్దామని ప్యాచ్‌ను మళ్లీ చదివాను. ఉన్న పరీక్షను ఇంకా కట్టుదిట్టం చేస్తోంది. వివరణ పద్ధతిగా ఉంది. పంపింది అప్పటికే అందరూ నమ్ముతున్న పేరు. నాకు నచ్చే ప్యాచ్ ఎలా ఉంటుందో అచ్చం అలా ఉంది. నేనైతే సంతోషంగా ఒప్పుకునేదాన్ని. కొలిచి తెమ్మనేదాన్ని కాదు, పాత బోర్డు మాటే ఎత్తేదాన్ని కాదు. నా అనుమానం ప్రమాదాన్ని బట్టి పనిచెయ్యడం లేదు. నాకు నచ్చనిదాని మీద, నాకంటే చిన్నవాళ్ల మీద పనిచేస్తోంది. ఆ అనంతపురం అమ్మాయిని మూడోసారి వెనక్కి పంపిన కఠినత్వం ఆ చుక్క ముందు నిద్రపోయేది.

ఇక్కడ ఇంకో సందేహం అడ్డుపడుతుంది. ఎక్స్‌జెడ్‌ను చాలాకాలం ఒక్క చేత్తో నడిపిన మనిషి, జీతంలేని పని అది, తన మానసిక ఆరోగ్యం కూడా బాగుండటం లేదని బయటికే చెప్పుకున్నాడు. ఆలస్యం చేస్తున్నావు, ఇంకొకరికి అప్పగించు అని కొన్ని పేర్లు ఆయన మీద ఒత్తిడి తెచ్చాయి. అంటే నెమ్మదిగా ఉన్నందుకు సిగ్గుపడేలా చేయడం కూడా దాడిలో భాగంగా పనికొచ్చింది. మరి నేను ‘వద్దు’ అన్నందుకు ఇప్పుడు పడుతున్న ఈ సిగ్గు ఎటు తీసుకెళ్తుంది? దీన్ని పోగొట్టుకోవడానికి రేపు దేనికో తొందరపడి సరే అంటానేమో. భయంతో వద్దన్నా, సిగ్గుతో సరే అన్నా, ప్యాచ్ మాత్రం చదవకుండానే మిగిలిపోతుంది.

ఇప్పుడు ఫ్లాగు మార్పు వస్తే రెండు పనులు చేస్తున్నాను. పాత ఫ్లాగులతో ఒకసారి, కొత్తవాటితో ఒకసారి ఇమేజ్ మొత్తం బిల్డ్ చేసి, ప్రతి ప్యాకేజీ కాన్ఫిగర్ అయ్యేటప్పుడు ఏ సదుపాయం ‘ఉంది’ అన్నదో, ఏది ‘లేదు’ అన్నదో రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి చూస్తాను. రెండోది, ఏ ఫలితం వస్తే ఒప్పుకుంటానో ముందే అందరికీ కనిపించేలా రాస్తాను. మొదటి పని హాయిగా ఉంటుంది. ఆ జాబితాలో ‘ఉంది’ కాస్తా ‘లేదు’ అయిన వరుస కనిపిస్తే లోపల ఒక ఉత్సాహం లేస్తుంది. సిస్టమ్ ప్రమాదం తప్పించుకుందని కాదు, నేను పట్టుకున్నానని. ఆ ఆత్రం పోవాలో, ఉండాలో తేల్చుకోలేకపోతున్నాను. చుక్కలు పట్టుకోవడానికి అది కూడా కావాలేమో.

రెండో పనే కష్టం. ఫోర్టిఫై ప్యాచ్ కింద మొదటిసారి ‘బూట్ సమయం ఒక శాతం లోపు పెరిగితే సరే’ అని రాయడానికి ఎంత తటపటాయించానో. రాశాక ఇక వెనక్కి పోవడానికి దారి ఉండదు. పాత బోర్డు మీద అది ఒక శాతం కొంచెం దాటింది. దాటిందని తనే ముందుగా చెప్పింది ఆ అమ్మాయి, దాచలేదు. కాదనడానికి నాకు మంచి అవకాశమే దొరికింది. ఆ అవకాశం దొరికినందుకు మనసు తేలికపడటం కూడా గమనించాను. గమనించాక ఇద్దరం కూర్చుని ఆ అదనపు సమయం ఎక్కడిదో వెతికాం. దాదాపు అంతా ఒకే ప్యాకేజీలో ఉంది. పైథాన్ విషయంలో ఫెడోరావాళ్లు చేసినట్టు ఆ ఒక్కదానికి మినహాయింపు ఇచ్చి, అక్కడ 2 ఉంచి, మిగతా అన్నిటికీ 3 పెడుతూ ఆ అమ్మాయి మళ్లీ ప్యాచ్ పంపింది. అది ఇప్పుడు రివ్యూలో ఉంది. నేనొక్కదాన్నే తేల్చకూడదని మరో ఇద్దరిని చేర్చాను. అందులో వేరే కళ్లతో చూడాలన్న ఆలోచన ఎంత, కింద ఉండే పేర్లలో నాదొక్కటే కాకుండా చూసుకోవాలన్న ఆలోచన ఎంత అన్నది ఇంకా చూసుకుంటున్నాను.